రాత్రి రిపోర్ట్ బాగానే ఉంది, తెల్లారేసరికి మారిపోయింది!

హాయ్ అండీ, అందరూ బాగున్నారా? పది రోజులుగా వీడియో ఏదని అడుగుతున్నారు కదా. ఇదుగో, వెనకాల సోఫాలో దుప్పటి కప్పుకుని కూర్చున్నారే మా ఆయన, కారణం ఆయనే. అపెండిక్స్ తీసేశారు.

మేముండేది ఇంగ్లండ్‌లో, మిల్టన్ కీన్స్‌లో. ఆ శనివారం మధ్యాహ్నం బొడ్డు చుట్టూ నొప్పి అన్నారు. ముందురోజు ఫ్రెండ్స్ ఇంట్లో బిర్యానీ గట్టిగా లాగించాం, గ్యాసే అనుకున్నాం. సాయంత్రం వేడన్నంలో ఆవకాయ కలిపి పెడితే వాసనకే మొహం తిప్పుకున్నారు. నాకు అక్కడే అనుమానం కొట్టింది. ఆవకాయ వద్దనే మనిషి కాదు.

తెనాలికి వీడియో కాల్ చేశాను. అమ్మేమో ఆముదం పట్టమంది. వెనక నుంచి నాన్న, "ఇరవై నాలుగు గంటల నొప్పేమో చూడమ్మా" అన్నారు. అపెండిసైటిస్‌ని మన పెద్దవాళ్ళు అలాగే అంటారు కదా. ఇంట్లో ఆముదం లేకపోవడమే మంచిదైంది. ఇలాంటప్పుడు విరేచనాల మందు వేస్తే అపెండిక్స్ పగిలే ప్రమాదం ఉందట.

ఇక్కడి ఆరోగ్య హెల్ప్‌లైన్ 111కి ఫోన్ చేస్తే ఎమర్జెన్సీకి వెళ్ళమన్నారు. తొమ్మిదింటికి రక్తం తీశారు. ఊదా మూత ట్యూబ్ బ్లడ్ కౌంట్‌కి, అంటే మన సీబీసీకి. పసుపు మూతది సీఆర్‌పీకి, అంటే ఒంట్లో వాపో ఇన్ఫెక్షనో ఉంటే రక్తంలో పెరిగే ప్రొటీన్‌కి. రిపోర్ట్‌లో తెల్లకణాలు 9.4 అని చూసి నాకు కాళ్ళూ చేతులూ ఆడలేదు. తీరా చూస్తే ఇక్కడ వేలల్లో రాయరట! మన లెక్కలో 9,400, నార్మలే. సీఆర్‌పీ 8. ఐదు లోపు ఉండాలి, కాస్త ఎక్కువ, అంతే.

"చూశావా, గ్యాసే" అని మా ఆయన చెప్పులు వేసుకోబోయారు. అప్పుడొచ్చింది సర్జరీ డాక్టరమ్మ. అప్పటికి నొప్పి బొడ్డు దగ్గర నుంచి కుడివైపు కిందకి దిగింది. అక్కడ మెల్లగా నొక్కి చెయ్యి తీసేసింది. నొక్కినప్పుడు పళ్ళు బిగపట్టుకున్న మనిషి, వదిలినప్పుడు కెవ్వుమన్నారు.

ఇంటికి పంపలేదు. రక్తంలో ఏమీ లేదు కదండీ అన్నాను. ఆవిడ ఓపిగ్గా చెప్పింది. సీఆర్‌పీ పెరగడానికి పది, పన్నెండు గంటలు పట్టొచ్చు, మీరు తొందరగా వచ్చారు అంది. పైగా అది పెరిగినా ఎక్కడో వాపో, ఇన్ఫెక్షనో ఉందని మాత్రమే చెబుతుంది, ఎక్కడుందో చెప్పదు. అపెండిసైటిసేనా అని అంచనా వెయ్యడానికి 1986 నుంచి అల్వరాడో స్కోర్ అని ఒక లెక్క ఉందట. పది మార్కుల్లో రక్తానికి మూడే! తెల్లకణాలకి రెండు, వాటిలో న్యూట్రోఫిల్స్ అనే రకం వాటా పెరిగితే ఒకటి. మిగతా ఏడూ నొప్పి చోటు మారడం, ఆకలి లేకపోవడం, వికారం, జ్వరం, ఇందాక నొక్కి చూసినదానికి. మన ఆవకాయకి ఒక మార్కు పడిందన్నమాట.

రాత్రంతా నోట్లో ఏమీ పొయ్యనివ్వలేదు, సెలైనే. నేను ప్లాస్టిక్ కుర్చీలో జాగారం. పొద్దున ఆరింటికి మళ్ళీ అవే రెండు ట్యూబులు. ఈసారి తెల్లకణాలు 15.2, సీఆర్‌పీ 74. ఎనిమిది నుంచి డెబ్బై నాలుగు, ఒక్క రాత్రిలో! సీటీ స్కాన్‌లో అపెండిక్స్ వాచి ఉంది, ఇంకా పగల్లేదు. మధ్యాహ్నానికి కీహోల్ ఆపరేషన్, మూడు చిన్న గాట్లు. బిల్లు లేదు, వీసాతో పాటు ఏడాదికింత అని హెల్త్ సర్‌ఛార్జ్ ముందే కట్టించుకుంటారు కదా.

ఆ సాయంత్రం అమ్మ ఫోన్‌లో ఒకటే గోల. "మొదటి రిపోర్ట్ బాగుందన్నావు కదే, మరి ఎందుకు కోశారు?" అని. ఈ కథంతా మొదటి నుంచి చెప్పేసరికి నా టీ చల్లారిపోయింది. నాన్న మాత్రం వేళ్ళు లెక్కపెట్టుకుంటున్నారు. "మన ఇండియా టైంలో కాదు, అక్కడ నొప్పి ఎన్నింటికి మొదలైంది? మరి ఆపరేషన్ ఎన్నింటికి?"

రెండూ మధ్యాహ్నం రెండింటికే అండీ.