హార్స్‌పవర్ తర్వాత, ముందు గంటకు ఎంత తాగుతుందో చెప్పండి

డ్రోన్‌కి పెట్రోల్ ఇంజిన్ అనగానే అందరూ అడిగేది "ఎన్ని హార్స్‌పవరండీ?" అని. నేనూ అలాగే అడిగేవాణ్ని, ఇప్పుడు మాత్రం గంటకు ఎంత తాగుతుందని అడుగుతున్నా.

1998 ఆగస్టులో లైమా అనే ఏరోసాండ్ విమానం, మనిషి లేనిది, బరువు 13 కిలోలకు కాస్త అటూ ఇటూ, కెనడాలోని న్యూఫౌండ్‌లాండ్ నుంచి అట్లాంటిక్ దాటి స్కాట్లాండ్ దగ్గరి దీవిలో దిగింది. 3,270 కిలోమీటర్లు, 26 గంటల 45 నిమిషాలు. దాన్ని నడిపింది బొమ్మ విమానాలకు పెట్టే 20 సీసీ ఎన్యా ఫోర్ స్ట్రోక్ ఇంజిన్, కొంచెం మార్చి వాడారు. తాగింది ఆరు లీటర్ల లోపే. అంటే గంటకు రెండు టీ గ్లాసులు, అంతే!

బ్యాటరీతో ఇది అయ్యే పని కాదు. కిలో పెట్రోల్లో దాదాపు 12,000 వాట్ అవర్ల శక్తి ఉంటే మంచి లిథియం బ్యాటరీలో 250 ఉంటుంది, ఇంజిన్ అందులో ఐదో వంతే వాడుకుని మిగతాదంతా వేడిగా పారబోసినా పెట్రోలుదే పైచేయి.

అలాగని పెద్ద ఇంజిన్‌ని జిరాక్స్‌లో తగ్గించినట్టు తగ్గిస్తే కుదరదు. కొలతలన్నీ సగం చేస్తే సిలిండర్ గోడల వైశాల్యం నాలుగో వంతుకే తగ్గుతుంది, లోపలి ఘనపరిమాణం మాత్రం ఎనిమిదో వంతుకు పడిపోతుంది, దాంతో మండిన వేడిలో ఎక్కువ వాటా గోడలే మింగేస్తాయి. టూ స్ట్రోక్ పెడితే బరువు తగ్గుతుంది, వాల్వుల గొడవ ఉండదు, కానీ కొత్తగా వచ్చిన పెట్రోలు కొంత కాలకుండానే సైలెన్సర్‌లోంచి బయటికి పోతుంది. పాత లూనా వెనకాల బండి నడిపినవాళ్లకి ఆ వాసన గుర్తుండే ఉంటుంది.

అసలు తలనొప్పి గాలిలో పెట్రోలు కలిపే కార్బ్యురేటర్‌తో. పైకి వెళ్లేకొద్దీ గాలి పలచబడుతుంది, 5,500 మీటర్ల ఎత్తులో గాలి ఒత్తిడి దాదాపు సగమే, పెట్రోలు మాత్రం అదే లెక్కన తగ్గదు. మిశ్రమం రిచ్ అయి, అంటే గాలికి మించి పెట్రోలు ఎక్కువై, ప్లగ్ మసిబారుతుంది. సరేలే అని మేం ఒకసారి గడ్డి కోసే మిషన్ ఇంజిన్‌ని టెస్ట్ బెంచ్ మీద కావాలనే లీన్ చేశాం, అంటే పెట్రోలు తగ్గించాం, పెట్రోలు మిగులుతోందని సంబరపడేలోపే కీచుమని పిస్టన్ పట్టేసింది. టూ స్ట్రోక్‌లో ఆయిల్ కూడా పెట్రోల్‌తోనే కదా వచ్చేది, ఒకటి తగ్గిస్తే రెండోదీ తగ్గుతుంది! సెన్సర్లు చూసుకుని కొలిచి పోసే ఇంజెక్షన్ మీద డబ్బు పెట్టాలని అప్పుడు ఒప్పుకున్నాం.

ఇదిగో ఆ పిస్టన్. ఎగ్జాస్ట్ వైపు గీతలు చూసి వెనక వరసకి ఇవ్వండి.