లాంపెడూసా పడవ చెక్క

శ్రోతలకు నమస్కారం.

మధ్యధరా సముద్రంలో లాంపెడూసా అని ఇటలీకి చెందిన చిన్న దీవి ఉంది. సిసిలీ కంటే ఆఫ్రికాలోని ట్యునీసియాయే దానికి దగ్గర. 2013 జులై 8న పోప్ ఫ్రాన్సిస్ అక్కడికి వెళ్లారు. పోపు అయ్యాక రోము దాటి ఆయన చేసిన మొదటి ప్రయాణం అదే. ముందు సముద్రంలో పూలదండ వేశారు. తర్వాత దివ్యబలిపూజ, అంటే కతోలికుల ముఖ్య ఆరాధన. పీఠంగా పెట్టింది ఒక పడవ. ఆయన చేతికర్ర, ద్రాక్షరసం పోసిన పాత్ర, రెండూ వలసదారుల పడవల చెక్కతో ఆ ఊరి వడ్రంగి చేసినవే. ప్రాణాలు అరచేత పెట్టుకుని వచ్చినవాళ్లు కూర్చున్న చెక్క అది. పోపు వేసుకున్న వస్త్రాలు ఊదారంగువి, పశ్చాత్తాపానికి గుర్తు.

ఆ రోజు ఆయన బైబిలు మొదటి పుటల్లోని ప్రశ్నే మళ్లీ వేశారు. "నీ తమ్ముడు ఎక్కడ?" తమ్ముణ్ణి చంపిన కయీనును దేవుడు అడిగిన ప్రశ్న. ఇతరుల చావుకు ఏడవడం కూడా మరిచిపోయామని బాధపడ్డారు. మూడు నెలలు తిరక్కుండానే, అక్టోబరు 3న, అదే దీవి ఒడ్డుకు దగ్గరలో వలసదారుల పడవ ఒకటి మునిగి 368 మంది చనిపోయారు. ఎక్కువమంది ఎరిత్రియా వాళ్లు. "సిగ్గుచేటు" అన్నారు పోపు.

ఆయన ఏదో కొత్త మాట చెప్పారని చాలామంది అనుకున్నారు. కాదు. 1952లోనే పన్నెండవ భక్తినాథ పోపు, అంటే పయస్, వలసల మీద రాసిన లేఖలో ఈజిప్టుకు పారిపోయిన తిరుకుటుంబాన్నే, అంటే బాలయేసు, మరియమ్మ, యోసేపులనే, శరణార్థులందరికీ ఆదర్శంగా చూపారు. క్రిస్మస్‌కి పశువుల పాక ఎంతో ముద్దుగా కడతాం, గడ్డి పరుస్తాం, దీపాలు పెడతాం. ఆ బిడ్డను ఎత్తుకుని యోసేపు మరియమ్మలు రాత్రికి రాత్రి సరిహద్దు దాటిన సంగతి మాత్రం పాక విప్పేసేసరికే మరిచిపోతాం. నాకు ఇది ప్రతి ఏడూ మనసులో గుచ్చుకుంటుంది.

1967లో ఆరవ పౌలు పోపు మరో అడుగు వేశారు. ప్రజల అభివృద్ధి మీద రాసిన విశ్వలేఖలో, అంటే పోపు సభ అంతటికీ రాసే లేఖలో, నాలుగో శతాబ్దపు మిలాను బిషపు పునీత అంబ్రోసు మాటను గుర్తుచేశారు. పేదవాడికి నువ్విచ్చేది నీ సొత్తు కాదు, వాడి సొత్తే వాడికి తిరిగి అప్పగిస్తున్నావు అని దాని సారం. అంటే ఇది బాకీ. బాకీ తీర్చినవాడు దాతనని చెప్పుకోడు కదా. మిగులు సంపద పేద దేశాలకు అందాలి, ఆయుధాలకు పోసే డబ్బులో కొంత ప్రపంచ నిధికి చేరాలి అన్నారు. వ్యాపారం సంగతీ వదల్లేదు. పేద దేశాల ముడిసరుకుకు ధర నిలవదు, వాళ్లు కొనుక్కోవలసిన యంత్రాలు, సామాన్ల ధర పెరుగుతూనే ఉంటుంది. అమ్మబోతే అడవి, కొనబోతే కొరివి. పత్తి పండించే మన రైతుకి ఇది విడమరిచి చెప్పక్కర్లేదు. ఒక చేత్తో సాయం ఇస్తూ, రెండో చేత్తో ధరల్లో లాక్కుంటే లెక్క ఎక్కడ తేలుతుంది?

"అందరినీ ఎలా రానిస్తాం?" అని అడిగేవాళ్లున్నారు. న్యాయమైన ప్రశ్నే. కతోలిక సభ బోధనల గ్రంథమైన కతోలిక సత్యోపదేశం 2241వ అంశం కూడా సంపన్న దేశాలు శక్తిమేరకు పరదేశిని ఆదరించాలనే అంటుంది, వచ్చినవాళ్లు ఆ దేశ చట్టాలను గౌరవించాలనీ అంటుంది. అయితే "శక్తిమేరకు" అన్న మాటను కొందరు తలుపుకు గడియలా వాడుతున్నారు. శక్తి ఎంతో కొలవకుండానే లేదనేస్తే ఎలా? నిజానికి శరణార్థుల్లో ఎక్కువమందిని మోస్తున్నవి సంపన్న దేశాలు కావు, వాళ్లు పారిపోయి వచ్చిన దేశాల పక్కనే ఉన్న లెబనాన్, బంగ్లాదేశ్, ఉగాండా లాంటివి.

2016 ఏప్రిల్‌లో ఫ్రాన్సిస్ గ్రీసు దేశపు లెస్బోస్ దీవికి వెళ్లి, తిరిగొచ్చేటప్పుడు తన విమానంలోనే మూడు సిరియా కుటుంబాలను, పన్నెండు మందిని, రోముకు తెచ్చారు. అందరూ ముస్లింలే. క్రైస్తవులను ఎందుకు తేలేదని అడిగితే, వీళ్ల కాగితాలు సరిగ్గా ఉన్నాయి, అందరూ దేవుని బిడ్డలే అన్నారు.

మళ్లీ లాంపెడూసాకే వస్తాను. ఆ దీవి మొత్తం ఇరవై చదరపు కిలోమీటర్లు, జనాభా ఆరువేల పైచిలుకు. 2023 సెప్టెంబరులో రెండు మూడు రోజుల్లోనే ఊరి జనాన్ని మించి మనుషులు పడవల్లో వచ్చి దిగారు. శిబిరం చాలలేదు. వీధుల్లో ఆకలితో కూర్చున్నవాళ్లకు ఆ ఊరివాళ్లు తమ ఇళ్లలో వండి తెచ్చి పెట్టారు.

సెలవు.