గ్రాంటు దరఖాస్తుకు ముందు రాయవలసిన పుస్తకం

(చెన్నైలో తెలుగు సంఘాలు, చిన్న సేవా సంస్థల ప్రతినిధుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

అధ్యక్షులవారికి, వేదిక మీది పెద్దలకు, వివిధ సంస్థల నుంచి వచ్చిన సోదరీ సోదరులకు నమస్కారం.

ప్రాంతీయ ఆరోగ్య ఫౌండేషన్లు ఇచ్చే గ్రాంటులకు దరఖాస్తు ఎలా చేయాలో చెప్పమని నిర్వాహకులు నన్ను కోరారు. చెన్నైలో ఈ సంగతి తెలుగులో మాట్లాడుకునేటప్పుడు దుర్గాబాయి దేశ్‌ముఖ్ గారిని తలచుకోకుండా ముందుకు సాగలేను. ఆమె 1937లో ఈ నగరంలోనే ఆంధ్ర మహిళా సభను స్థాపించారు. 1953లో కేంద్ర సాంఘిక సంక్షేమ మండలి ఏర్పడినప్పుడు దానికి తొలి అధ్యక్షురాలయ్యారు. దేశమంతటా స్వచ్ఛంద సంస్థలకు ఆర్థిక సహాయం అందించడం అప్పట్లో ఆ మండలి ముఖ్యమైన పని. అంటే, సంస్థను నడపడానికి నిధులు కూడగట్టిన అనుభవం, వచ్చిన దరఖాస్తులను చూసి నిధులు పంచిన అనుభవం రెండూ ఆ ఒక్క మనిషికి ఉన్నాయి. మన దరఖాస్తుల్లో చాలా వాటిని బల్లకు ఇవతలి వైపు కూర్చుని మాత్రమే రాస్తాం. మన అవసరం ఎంత పెద్దదో, మన ఉద్దేశం ఎంత మంచిదో చెబుతాం. అవతల కూర్చున్నవారు, ఈ డబ్బు ఖర్చయ్యాక ఎవరి ఆరోగ్యంలో ఏమి మారుతుంది, మారిందని మీకెలా తెలుస్తుంది అని అడుగుతారు. ఆ ప్రశ్నకు జవాబు ఫారం నింపే రోజున దొరకదు.

నేను ఉత్తర చెన్నైలో పారిశుద్ధ్య కార్మికుల కుటుంబాల మధ్య పనిచేసే ఒక చిన్న సంస్థలో ఉన్నాను. పులియంతోపు, వ్యాసర్పాడి, తొండియార్‌పేట ప్రాంతాల్లో ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం మాట్లాడే కుటుంబాలు ఎన్నో ఉన్నాయని మీకు తెలుసు. వారి తాతలు, ముత్తాతలు నెల్లూరు వైపు నుంచి, ఒంగోలు వైపు నుంచి వచ్చి ఈ నగరపు చెత్త ఎత్తారు. మనవలు, మనవరాళ్లు నేటికీ ఎత్తుతున్నారు. వారి కోసం మేము రాసిన మొదటి దరఖాస్తులో, ఏడాదిలో 5000 మందికి రక్తపోటు, మధుమేహం గురించి అవగాహన కల్పిస్తామని రాశాం. ఫౌండేషన్‌లో దరఖాస్తులు పరిశీలించే ఒకావిడ ఫోన్ చేసి ఎంతో మర్యాదగా రెండు ప్రశ్నలు అడిగారు. మీరు పనిచేసే వీధుల్లో ఇప్పుడు బీపీ ఉన్నవారు ఎంతమంది? వారిలో రోజూ మాత్ర వేసుకుంటున్నవారు ఎంతమంది? నా దగ్గర జవాబు లేదు. దరఖాస్తు తిరిగి వచ్చింది. ఆ ప్రశ్నలు అడిగినందుకు నేను ఈ రోజుకీ ఆవిడకు కృతజ్ఞురాలిని.

ఆ తరువాత 200 పేజీల పొడవు నోటు పుస్తకం ఒకటి కొన్నాం. స్కేలు పెట్టి గడులు గీశాం. ఇంటి నంబరు, వయసు, డ్యూటీ వేళ, బీపీ పై అంకె, కింది అంకె, మందు రాశారా, చివరిసారి ఎప్పుడు తెచ్చుకున్నారు, మానేస్తే ఎందుకు మానేశారు. రెండే రెండు వీధులు తీసుకున్నాం. ఆ కాలనీలోనే పుట్టి పెరిగిన ఒక అమ్మాయి రోజూ ఇల్లిల్లూ తిరిగి ఆ గడులు నింపేది. ఎవరూ లేకపోతే ‘తాళం’ అని రాసి, మరునాడు మళ్లీ వెళ్లేది.

మా దరఖాస్తును మార్చింది ఆ చివరి గడి, ‘ఎందుకు మానేశారు’ అన్న గడి. జబ్బు సంగతి తెలియక మానేసినవారు మేము అనుకున్నంతమంది లేరు. ఉదయం ఆరింటికల్లా రోడ్డు మీద ఉండాలి, ఆస్పత్రిలో చీటీ రాసే వేళకు డ్యూటీ వదిలి రాలేను అని ఒకరు చెప్పారు. ఒక పెద్దావిడ చెప్పిన మాట ఆ అమ్మాయి ఉన్నదున్నట్టు రాసుకొచ్చింది: ‘ఆ మాత్ర ఏసుకుంటే మాటిమాటికీ ఒంటేలుకి పోవాల. రోడ్డు మీద యాడికి పోయేది అక్కా?’ రక్తపోటుకు ఇచ్చే మందుల్లో కొన్ని మూత్రం ఎక్కువగా పోయేటట్టు చేస్తాయన్నది వైద్యులందరికీ తెలుసు. రోడ్లు ఊడ్చే ఆడమనిషికి డ్యూటీలో మరుగుదొడ్డి దొరకదన్న సంగతి మందు రాసిన డాక్టరు గారికి ఎవరూ చెప్పలేదు. ఆ పెద్దావిడకు అవగాహన కల్పించడానికి మేము బయలుదేరాం. ఆమెకు కావలసింది వేరే మందుకో, మందు వేసుకునే వేళ మార్చడానికో డాక్టరుతో మాట్లాడే అవకాశం, డ్యూటీ మార్గంలో తాళం వేయని ఒక మరుగుదొడ్డి. రెండోసారి దరఖాస్తులో 5000 అన్న అంకె లేదు. రెండు వీధులు, పుస్తకంలో ఉన్న మనుషులు, మధ్యాహ్నం డ్యూటీ దిగాక నడిచే క్లినిక్, వార్డు కార్యాలయంతో మరుగుదొడ్ల గురించి మాట్లాడే బాధ్యత, ఇవి మాత్రమే ఉన్నాయి. ఆ దరఖాస్తుకు గ్రాంటు వచ్చింది.

జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే అంకెలు ఎత్తి రాస్తే చాలదా అని కొందరు అడుగుతారు. 2019-21 నాటి ఐదవ సర్వే ప్రకారం తమిళనాడులో 15 నుంచి 49 ఏళ్ల స్త్రీలలో 53.4 శాతం మందికి రక్తహీనత ఉంది. ఆ అంకె తప్పక రాయండి, సమస్య మీ ఊహ కాదని అది చూపుతుంది. కానీ అదే అంకె ఈ రాష్ట్రం నుంచి వెళ్లే ప్రతి దరఖాస్తులోనూ ఉంటుంది. దాని కింద మీ వీధి అంకె ఉండాలి. గర్భిణి కాని స్త్రీకి హిమోగ్లోబిన్ 12 గ్రాములకు, గర్భిణికి 11 గ్రాములకు తగ్గితే రక్తహీనతగా లెక్కిస్తారు. మీరు ఏ కొలత వాడారో, ఏ పరికరంతో, ఏ నెలలో చూశారో ఒక వాక్యంలో రాయండి. ఏడాది చివర అదే పరికరంతో, అదే పద్ధతిలో మళ్లీ చూస్తేనే పోల్చడానికి వీలుంటుంది.

ప్రభుత్వం చేస్తున్న పనినే మీరెందుకు చేయాలి అన్న ప్రశ్న కూడా తప్పకుండా వస్తుంది. ఇంటింటికీ వెళ్లి బీపీ, షుగర్ చూసి మందులు అందించే ‘మక్కలై తేడి మరుత్తువం’ పథకాన్ని తమిళనాడు ప్రభుత్వం 2021 ఆగస్టు 5న కృష్ణగిరి జిల్లాలో ప్రారంభించింది. అంత పెద్ద పథకం ఉండగా దాని ఊసెత్తకుండా దరఖాస్తు రాస్తే, క్షేత్రం తెలియదనుకుంటారు, లేదా తెలిసీ దాచారనుకుంటారు. మా పుస్తకంలో ‘తాళం’ అన్న మాట ఉన్న ఇళ్లన్నీ పగటి పూట ఎవరు వచ్చినా తాళం వేసి ఉండే ఇళ్లే. ఆ ఖాళీని పూడ్చడానికి మాత్రమే డబ్బు అడిగాం. మందులు ఆ పథకం నుంచే తీసుకుంటామని రాశాం.

ఇక బడ్జెట్. ఉదాహరణకు, షుగర్ ఉన్న 240 మందికి నెలకు ఒకసారి వేలి చివర రక్తం తీసి చూడాలనుకుందాం. ఏడాదికి 2880 స్ట్రిప్పులు, అంటే రక్తపు చుక్క వేసి మీటరులో పెట్టే పట్టీలు కావాలి. రక్తం చాలక, మీటరు తప్పు చూపి పాడయ్యేవాటికి పదో వంతు కలిపితే 3168. యాభై చొప్పున వచ్చే డబ్బాలైతే 64. చాలా రకాల స్ట్రిప్పులను 30 డిగ్రీలకు మించని చోట ఉంచాలని డబ్బా మీదే రాసి ఉంటుంది. చెన్నై మే నెలలో రేకుల గదిలో పెట్టిన డబ్బా చూపించే అంకెను ఎవరు నమ్మాలి? అందుకని వాటిని ఎక్కడ భద్రపరుస్తారో రాయండి, దానికయ్యే ఖర్చు చూపండి. ఏడాదికి సరిపడా ఒకేసారి కొనకుండా మూడు నెలలకు ఒకసారి కొంటామని రాయండి. స్ట్రిప్పులు అని రాసి ఒక పెద్ద మొత్తం వేసిన బడ్జెట్‌కూ, ఈ బడ్జెట్‌కూ మధ్య తేడా పరిశీలకుడికి ఒక్క చూపులో తెలుస్తుంది.

బడ్జెట్‌లో చాలామంది మరచిపోయే మరో ఖర్చు ఉంది. అది మరచిపోతే నాకు నిజంగా బాధ కలుగుతుంది. 3168 సార్లు వేలు గుచ్చితే 3168 సూదులు మిగులుతాయి. 2016 నాటి బయోమెడికల్ వ్యర్థాల నిబంధనలు ఆరోగ్య శిబిరాలకు కూడా వర్తిస్తాయి. సూదులు గుచ్చుకుని బయటకు రాని తెల్లని డబ్బాలో పడాలి, ఆ డబ్బా అనుమతి ఉన్న శుద్ధి కేంద్రానికి చేరాలి. మనం శిబిరం పెట్టి సూదులను మామూలు చెత్తబుట్టలో వదిలేస్తే, మరునాడు ఉదయం ఆ చెత్తలో చేయి పెట్టేది ఎవరో ఈ గదిలో ఉన్నవారికి చెప్పనక్కరలేదు. ఆ డబ్బాకు, దాన్ని తీసుకెళ్లే ఏజెన్సీకి అయ్యే ఖర్చు బడ్జెట్‌లో ఒక ప్రత్యేక పద్దుగా ఉండాలి.

జీతాలు చూపడానికి మనవాళ్లు సిగ్గుపడతారు. సేవ కదా, జీతమేమిటని నర్సు వేతనాన్ని ప్రయాణ ఖర్చుల్లోనో, ఇతరాల్లోనో దాస్తారు. కంపెనీలు తమ లాభంలో కొంత సమాజం కోసం ఖర్చు చేయాలన్న సామాజిక బాధ్యత (సీఎస్ఆర్) నిబంధనల్లో పరిపాలనా ఖర్చులకు ఉన్న 5 శాతం పరిమితి, ఆ బాధ్యత పనుల సాధారణ నిర్వహణకు కంపెనీ తన లోపల పెట్టే ఖర్చుకు సంబంధించినది. ఒక ప్రాజెక్టు రూపకల్పనకు, అమలుకు, పర్యవేక్షణకు నేరుగా అయ్యే ఖర్చు అందులోకి రాదు. ఇంటింటికీ తిరిగే నర్సు జీతమంటే ప్రాజెక్టు అమలే. ధైర్యంగా, సరైన మొత్తం రాయండి. తక్కువ జీతానికి ఒప్పుకున్న అమ్మాయి నాలుగు నెలల్లో వేరే ఉద్యోగానికి వెళ్లిపోతే, ఆమెతో పాటు ఆ వీధి నమ్మకం కూడా పోతుంది.

కాగితాల గురించి క్లుప్తంగా చెబుతాను. ఈ రోజు ఎన్నో ఫౌండేషన్లకు నిధులు కంపెనీల నుంచి వస్తున్నాయి. 2013 కంపెనీల చట్టం 135వ సెక్షను కింద, 500 కోట్ల నికర విలువ గానీ, 1000 కోట్ల టర్నోవరు గానీ, 5 కోట్ల నికర లాభం గానీ ఉన్న కంపెనీ, గత మూడేళ్ల సగటు నికర లాభంలో కనీసం 2 శాతం సామాజిక బాధ్యత కింద ఖర్చు చేయాలి. తాను పనిచేసే ప్రాంతానికి ప్రాధాన్యం ఇవ్వాలని కూడా ఆ చట్టమే చెబుతోంది. కాబట్టి మణలి, ఎన్నూరు, అంబత్తూరు చుట్టుపక్కల పనిచేసేవారు ముందుగా తమ పొరుగున ఉన్న పరిశ్రమల వైపు చూడాలి. ఆ డబ్బు అందుకునే బయటి సంస్థకు ఆదాయపు పన్ను శాఖ నుంచి మనం 12ఏ (సంస్థ ఆదాయానికి పన్ను మినహాయింపు), 80జీ (దాతలకు పన్ను రాయితీ) అని పిలుచుకునే రిజిస్ట్రేషన్లు, అలాంటి పనిలో కనీసం మూడేళ్ల అనుభవం, 2021 ఏప్రిల్‌లో వచ్చిన నిబంధన ప్రకారం కంపెనీ వ్యవహారాల మంత్రిత్వ శాఖ వద్ద సీఎస్ఆర్-1 ఫారంతో నమోదు ఉండాలి. విదేశీ నిధి అయితే విదేశీ విరాళాల నియంత్రణ చట్టం (ఎఫ్‌సీఆర్ఏ) కింద అనుమతి కావాలి. ఆ చట్టానికి 2020లో చేసిన సవరణ తరువాత ఒక సంస్థ తనకు వచ్చిన విదేశీ విరాళాన్ని మరో సంస్థకు బదిలీ చేయరాదు. పెద్ద సంస్థ పేరు మీద తెచ్చి చిన్న సంస్థలు పంచుకునే పాత పద్ధతికి అక్కడ చోటు లేదు.

ఫారం ఇంగ్లీషులో ఉంటుందని భయపడేవారికి ఒక మాట. మేము ముందు తెలుగులోనే రాస్తాం. రాసినదాన్ని ఆ వీధిలోనే కూర్చుని చదివి వినిపిస్తాం. ఆ తరువాతే అనువాదం. రెండో దరఖాస్తులో క్లినిక్ సాయంత్రం ఆరింటికని రాసి చదివినప్పుడు, వెనక కూర్చున్న ఒకావిడ ‘ఆరింటికి నీళ్లొస్తాయి, బిందెలు వదిలి ఎవరొస్తారక్కా’ అంది. నాలుగింటికి మార్చాం. ఆ ఒక్క మార్పు లేకుంటే డాక్టరు గారు ఖాళీ కుర్చీల ముందు కూర్చునేవారు, మేము మూడు నెలల నివేదికలో ప్రజలు సహకరించలేదని రాసేవాళ్లం.

గ్రాంటు గడువు ముగిశాక ఏమి చేస్తారన్న గడిలో, ఇతర దాతలను వెతుకుతామని రాయకండి. మేము ప్రతి రోగి పేరునూ, వారి అంగీకారంతో, దగ్గరలోని పట్టణ ప్రాథమిక ఆరోగ్య కేంద్రం రిజిస్టరులోకి ఎక్కించే పని మొదటి నెల నుంచే పెట్టుకున్నాం. అంగీకార పత్రం తెలుగులో ఒకటి, తమిళంలో ఒకటి అచ్చు వేయించి, చదవలేనివారికి చదివి వినిపించి సంతకమో వేలిముద్రో తీసుకున్నాం.

ఆ నోటు పుస్తకంలోని నాలుగు పేజీలను పేర్లు, ఇంటి నంబర్లు కనిపించకుండా కప్పి జిరాక్సు తీయించి తెచ్చాను. తలుపు పక్కన బల్ల మీద ఉన్నాయి. గడులు మీ వీధికి తగినట్టు మార్చుకోండి, ‘ఎందుకు మానేశారు’ అన్నదాన్ని మాత్రం కొంచెం వెడల్పుగా గీసుకోండి, మాకు చోటు చాలలేదు.