యాసిడ్‌కి పీహెచ్ 8 వస్తే?

అందరికీ నమస్కారమండీ. విజయవాడలో మా పక్కింట్లో ఇంటర్ చదివే అమ్మాయి ఉంది. మొన్న సాయంత్రం రఫ్ నోట్సు పట్టుకుని వచ్చింది. "అంకుల్, లెక్క కరెక్టే గానీ ఆన్సర్ చూస్తే టెన్షన్‌గా ఉంది" అంది. ప్రశ్న ఏంటంటే, 10 పవర్ మైనస్ 8 మోలార్ (లీటరు ద్రావణంలో అన్ని మోల్‌లు; మోల్ అంటే అణువుల్ని లెక్కపెట్టే ప్రమాణం) హైడ్రోక్లోరిక్ ఆమ్లం పీహెచ్ ఎంత? ఫార్ములాలో వేస్తే 8 వచ్చింది. 7 దాటితే క్షారం కదా! నీళ్లలో ఆమ్లం కలిపితే క్షారం ఎలా అయింది?

నాకు ఆ టెన్షన్ భలే నచ్చింది. చాలామంది 8కి టిక్ పెట్టేసి తర్వాతి బిట్‌కి వెళ్లిపోతారు.

ఈ పీహెచ్ అనేది 1909లో డెన్మార్క్ శాస్త్రవేత్త సోరెన్‌సెన్ తెచ్చిన కొలత. ఆయన పనిచేసింది కార్ల్స్‌బర్గ్ ల్యాబ్‌లో, అవును, ఆ బీరు కంపెనీ పెట్టిన ల్యాబే. లీటరు ద్రావణంలో హైడ్రోజన్ అయాన్లు 0.001 మోల్, 0.0000001 మోల్ అని సున్నాలు రాసుకుంటూ పోతే ఎవరికైనా విసుగే. ఆ 10 నెత్తిన ఉన్న మైనస్ అంకెను తీసుకుని, మైనస్ వదిలేస్తే అదే పీహెచ్. 0.001 అంటే 10 పవర్ మైనస్ 3, కాబట్టి పీహెచ్ 3. అందుకే పీహెచ్ 5 కంటే పీహెచ్ 3లో అయాన్లు వంద రెట్లు ఎక్కువ. అంకె తగ్గితే ఆమ్లత్వం పెరిగినట్టు.

ఇప్పుడు అమ్మాయి లెక్కకి వద్దాం. 25 డిగ్రీల దగ్గర స్వచ్ఛమైన నీళ్లలోనే లీటరుకి 10 పవర్ మైనస్ 7 మోల్ హైడ్రోజన్ అయాన్లు ఉంటాయి. మనం వేసిన ఆమ్లం అందులో పదో వంతు. పదో వంతుని లెక్కేసి, అసలు ఉన్నదాన్ని మరిచిపోయాం! రెండూ కలిపితే 1.1 ఇంటూ 10 పవర్ మైనస్ 7 అవ్వాలి గానీ, ఆమ్లం పడగానే నీళ్లు తమ వాటా కాస్త తగ్గించుకుంటాయి. చివరికి 1.05 ఇంటూ 10 పవర్ మైనస్ 7. పీహెచ్ 6.98. ఏడుకి ఒక్క వెంట్రుకవాసి కింద.

అసలు తికమక ఇంకోచోట ఉంది. గాఢత వేరు, పీహెచ్ వేరు. 0.1 మోలార్ హైడ్రోక్లోరిక్ ఆమ్లం పీహెచ్ 1. అదే 0.1 మోలార్ ఎసిటిక్ ఆమ్లం, అంటే వెనిగర్‌లో ఉండేది, దాదాపు 2.9. గాఢత ఒకటే, అయినా ఇంత తేడా. మన ప్రకాశం బ్యారేజీని తలుచుకోండి. ఎగువన నిలిచిన నీళ్లు గాఢత. గేట్ల కింద నుంచి వదిలినవి హైడ్రోజన్ అయాన్లు, పీహెచ్ కొలిచేది వాటినే. హైడ్రోక్లోరిక్ మొత్తం 70 గేట్లూ ఎత్తేసిన బ్యారేజీ. ఎసిటిక్ ఒక్క గేటు కొంచెం ఎత్తింది, వందలో ఒకటో రెండో అణువులే విడిపోతాయి.

మరి వీటిలో 10 మిల్లీలీటర్ల చొప్పున తీసుకుని తటస్థం చేయడానికి 0.1 మోలార్ సోడియం హైడ్రాక్సైడ్ అనే క్షారం ఎంత కావాలి? రెండిటికీ సరిగ్గా 10 మిల్లీలీటర్లే. కింద నీళ్లు వాడేస్తుంటే ఎసిటిక్ పైనుంచి ఇంకా వదులుతూనే ఉంటుంది, మొత్తం ఖాళీ అయ్యేదాకా. పీహెచ్ పేపరు ఈ సంగతి చెప్పదు, ఇలా క్షారం కొంచెం కొంచెంగా పోస్తూ కొలిచే టైట్రేషనే చెప్పాలి.

క్షారాలదీ ఇదే కథ, కాకపోతే తిరగేసి. 0.01 మోలార్ సోడియం హైడ్రాక్సైడ్‌లో హైడ్రాక్సైడ్ అయాన్లకి వచ్చే అంకె 2. 25 డిగ్రీల దగ్గర ఈ అంకె, పీహెచ్ కలిపితే 14 కాబట్టి, దాన్ని 14లోంచి తీసేస్తే పీహెచ్ 12. సున్నపు తేట కూడా ఆ చుట్టుపక్కలే. పసుపులో సున్నం కలిపితే పారాణి ఎర్రగా రావడం అందుకే. రంగు మారిందంటే క్షారమని తెలుస్తుంది, ఎంత గాఢమో తెలియదు.

అమ్మాయి అంతా విని, "అయితే 10 పవర్ మైనస్ 8 సోడియం హైడ్రాక్సైడ్‌కి 6 రాస్తే తప్పేగా?" అంది. తప్పే. 7.02.