టీనేజర్ల కండబలం: తలుపు చెప్పే లెక్క

(తెర మీద: మామూలు చెక్క తలుపు)

14 ఏళ్ళ అబ్బాయిలు ఇద్దరు. తొడ కండ బలం కొలిస్తే ఒకడికి 360 న్యూటన్లు, ఇంకొకడికి 300. వెంటనే ‘రెండోవాడు వీక్’ అనేస్తారు. ఆ మాట వింటే నాకు ఒళ్ళు మండుతుంది. ఎందుకో ఈ తలుపు దగ్గర చూపిస్తాను.

హ్యాండిల్ దగ్గర ఒక్క వేలితో తోశాను, కదిలింది. ఇప్పుడు బందు పక్కన. చూడండి, అరచెయ్యి మొత్తం ఆనించి నెట్టాల్సి వస్తోంది. తలుపు మారలేదు, బందుకీ చేతికీ మధ్య దూరం మారింది, అంతే.

కాలికి రండి. మోకాలు బందు, దాని కింద కాలు తలుపు. కుర్రాణ్ణి కూర్చోబెట్టి, చీలమండకి కాస్త పైన డైనమోమీటర్ (తోపు ఎంతో చూపే మీటర్) చేత్తో ఆనించి ‘తోయ్, ఇంకా తోయ్’ అంటాం. మొదటివాడి కాలు పొట్టి, మీటర్ మోకాలికి 25 సెంటీమీటర్ల దూరంలో పడింది. రెండోవాడికి 30. గుణించండి: 360 ఇంటూ 0.25, 90 న్యూటన్ మీటర్లు. 300 ఇంటూ 0.30, అదీ 90! ఇదే టార్క్, అంటే బందు చుట్టూ తిప్పే బలం. ఇద్దరి బలమూ ఒకటే. పొడుగు కాళ్ళున్నందుకు వాడికి వీక్ అని పేరు పెట్టారు. దూరం రాయని రిపోర్టు నా దృష్టిలో సగం రిపోర్టే.

ఇంకో చిక్కు, తలుపుని అవతల ఆపేవాళ్ళు. ఆరోగ్యంగా ఉన్న టీనేజర్ కాలు పరీక్షించేవాళ్ళ చేతిని నెట్టేయగలదు. అప్పుడు మీటర్ చెప్పేది ఆపేవాళ్ళ బలం. అందుకే మీటర్‌ని బెల్టుతో బిగించాలి. చేత్తో ఆపి 0 నుంచి 5 దాకా గ్రేడు వేసే పద్ధతి ఇక్కడ చాలదు. ఆరోగ్యవంతులు దాదాపు అందరికీ 5 వచ్చేస్తుంది.

ఇక వయసు. ఎత్తు అన్నిటికంటే జోరుగా పెరిగేది అమ్మాయిల్లో సుమారు 12 ఏళ్ళకి, అబ్బాయిల్లో సుమారు 14కి. బలం జోరందుకునేది సాధారణంగా ఆ తర్వాతే. ముందు తలుపు వెడల్పవుతుంది, తోసే కండ వెనకాల వస్తుంది. పుట్టినతేదీ ఒక్కటే పట్టుకుని పోలిస్తే పిల్లలకి అన్యాయం చేసినట్టే.

టైం అయిపోతోంది, మిగతావి గబగబా చెప్పేస్తాను. ముందు ఒకసారి తేలిగ్గా అలవాటు చేయించండి. మూడుసార్లు కొలవండి, మధ్యలో నిమిషం విరామం. ‘తోయ్ తోయ్’ అనేది అందరికీ ఒకే గొంతుతో అనండి. టార్క్‌ని శరీర బరువుతో భాగించండి. పిడికిలి పట్టు కొలిస్తే మోచెయ్యి 90 డిగ్రీలు, హ్యాండిల్ చేతి సైజుకి సర్దాలి. ఆరు నెలలకి మళ్ళీ కొలిచేటప్పుడు పాత దూరం వాడేయకండి, టేపు తీయండి. ఈలోగా తలుపు పెరిగి ఉంటుంది.