పన్నెండున్నరకి ఆ డబ్బా తెరిచి చూశావా?

నేను: అందరికీ నమస్కారం. ఈ వారం రికార్డింగ్ ఎంవీపీ కాలనీలో, మా అన్నయ్య వాళ్ళింట్లో. వంటింటి పక్కనే మైక్ పెట్టుకుని కూర్చున్నాం, మధ్యలో కుక్కర్ విజిల్ వినిపిస్తే ఏమీ అనుకోకండి. నాతో మా వదిన ఉంది. పెద్దవాడు ఏడో తరగతి, చిన్నది రెండో తరగతి, అంటే ఇది ఆవిడ క్యారేజీలు కడుతున్న ఏడో ఏడు. మావాడు మొన్న జూన్‌లోనే ఒకటో తరగతిలో చేరాడు. మూడు వారాల నుంచి వాడి డబ్బా సగం నిండుగానే ఇంటికి వస్తోంది, నాకు నిజంగా టెన్షన్‌గా ఉంది. అందుకే ఈ ఎపిసోడ్. వదినా, సూటిగా అడుగుతాను, వాడు ఎందుకు తినట్లేదు?

వదిన: నిన్న ఏం పెట్టావు?

నేను: క్యారెట్ తురిమి నేతి అట్టు వేశాను. కొబ్బరి చట్నీ, నాలుగు యాపిల్ ముక్కలు. ఇంట్లో అయితే వాడికి అట్టంటే ప్రాణం.

వదిన: ఎన్నింటికి కట్టావు?

నేను: ఆరున్నరకి. మధురవాడలో మాకు ఏడింటికల్లా బస్సు వచ్చేస్తుంది.

వదిన: వాడు తినేది?

నేను: పన్నెండున్నరకి.

వదిన: అంటే ఆరు గంటలు. ఆ ఆరు గంటలూ మన విశాఖ ఉక్కలో, బ్యాగులో పుస్తకాల మధ్య. నువ్వెప్పుడైనా అదే డబ్బా పన్నెండున్నరకి తెరిచి తిని చూశావా?

నేను: లేదు.

వదిన: నేనూ మొదటి ఏడాది చూడలేదు. పెద్దవాడు ఒకటో తరగతిలో ఉన్నప్పుడు రోజూ గొడవే, సాయంత్రం డబ్బా మూత తీసి చూడటం, వాడి మీద అరవడం, వాడు ఏడవడం, మీ అన్నయ్య మధ్యలోకి రావడం. ఒకరోజు ఎందుకో రెండు డబ్బాలు కట్టాను. ఒకటి వాడికి, అచ్చం అలాంటిదే ఇంకొకటి నాకు. నాది ఒక పాత బ్యాగులో పెట్టి హాల్లో పడేశాను, ఫ్యాన్ కూడా వెయ్యలేదు. పన్నెండున్నరకి కింద కూర్చుని, పళ్ళెం లేకుండా, వాడి చిన్న స్పూనుతోనే, పదిహేను నిమిషాలు అలారం పెట్టుకుని తిన్నాను. వాడికి దొరికేది అంతే, చేతులు కడుక్కోవడానికి వరసలో నిలబడే టైము తీసేస్తే.

నేను: ఎలా ఉంది?

వదిన: మూత తియ్యడానికే నా గోరు విరిగింది. అట్టు తోలులా సాగుతోంది. ఆవిరంతా మూతకి పట్టి మళ్ళీ దాని మీదే కారింది కాబట్టి అంచులు తడి తడిగా ఉన్నాయి. చట్నీ పులవడం మొదలైంది, యాపిల్ గోధుమ రంగుకి తిరిగింది. పదిహేను నిమిషాల్లో నేను సగం కూడా తినలేకపోయాను. అప్పుడు వాడిని తిట్టిన తిట్లన్నీ గుర్తొచ్చి అక్కడే కూర్చుని ఏడ్చాను. వాడు తిండి మీద అలిగిన పిల్లాడు కాదు. నేను ఆరున్నరకి బాగున్న వంట పంపిస్తున్నాను, వాడు పన్నెండున్నరకి వేరే ఏదో తింటున్నాడు.

నేను: (కాసేపు ఆగి) మావాడు కూడా మూత తియ్యలేకపోతున్నాడేమో. నేను అడగనే లేదు.

వదిన: అడిగితే చెప్పరు ఆ వయసులో. ఇంట్లో నీ ఎదురుగా వాడి చేత పదిసార్లు తీయించి, పెట్టించు. టీచరమ్మని అడగడానికి సిగ్గుపడే పిల్లలు చాలామంది, ఆ నలుగురిలో నేనొక్కడినే తియ్యలేకపోతున్నాను అనిపించుకోవడం కంటే ఆకలితో ఉండటమే నయం అనుకుంటారు. క్లిప్పుల మూత వస్తే క్లిప్పులు, స్టీలు డబ్బా అయితే వదులు మూత. కమలాపండు పెడితే తొక్క తీసి పెట్టు. వాడికి ఉన్నది పదిహేను నిమిషాలు, అందులో ఐదు నిమిషాలు తొక్కకే పోతే ఇంక తినేదేముంది.

నేను: సరే, ఈ ఆరు గంటల సంగతికి వద్దాం. వండినది రెండు గంటలకి మించి బయట ఉంచొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. క్యారేజీ కట్టే తల్లికి అది కుదిరే పనేనా?

వదిన: ఫ్రిజ్ వెంట పంపలేం కదా. కాబట్టి ఆ మాట వెనకున్న కారణం పట్టుకోవాలి. 5 డిగ్రీల నుంచి 60 డిగ్రీల మధ్య వేడిలో సూక్ష్మజీవులు బాగా పెరుగుతాయి. గోరువెచ్చగా, తడిగా, మూత బిగించి ఉన్న డబ్బా అంటే వాటికి పెట్టిన ఇల్లు. నేను రెండే దారులు పెట్టుకున్నాను. ఒకటి, వేడి పట్టి ఉంచే డబ్బా. దాన్ని ఖాళీగా ఉన్నప్పుడే మరిగే నీళ్ళు పోసి ఐదు నిమిషాలు మూత పెట్టి ఉంచుతాను, ఆ నీళ్ళు పారబోసి, పొగలు కక్కుతున్న అన్నం అప్పటికప్పుడు వేసి మూసేస్తాను. గోరువెచ్చటి అన్నం అందులో వేస్తే మామూలు డబ్బా కంటే ప్రమాదం, గంటల తరబడి అదే వేడిలో ఉండిపోతుంది. రెండో దారి మామూలు స్టీలు డబ్బా. అప్పుడు వంటని పళ్ళెంలో పరిచి ఫ్యాన్ కింద ఆరబెట్టి, ఆవిరి పోయాక కట్టాలి, అదీ తడి తక్కువ ఉన్న వంటలే.

నేను: రాత్రి అన్నం మిగిలితే పొద్దున్న పులిహోర కలిపేస్తారు కదా చాలామంది? మా ఇంట్లోనూ అంతే.

వదిన: రాత్రే ఫ్రిజ్‌లో పెట్టిన అన్నమైతే సరే. గిన్నెలో వంటగట్టు మీదే రాత్రంతా ఉన్నది మాత్రం పిల్లల డబ్బాలోకి వద్దు. బియ్యంలో ఉండే ఒక రకం బ్యాక్టీరియా ఉడికించినా పూర్తిగా చావదు, బయట ఉంచిన అన్నంలో పెరిగి విషం తయారు చేస్తుంది, ఆ విషం మళ్ళీ వేడి చేసినా పోదు. పొద్దున వాసన కూడా రాదు, మనకి తెలియదు. బడికెళ్ళాక వాంతులు. పొద్దున్నే ఒక గ్లాసుడు బియ్యం కడిగి పెట్టడం పెద్ద పని కాదు. తాజా అన్నంలో చింతపండు పులుసు దట్టంగా కలిపిన పులిహోర నిలవ ఉంటుందని మన పెద్దవాళ్ళు ప్రయాణాలకి కట్టేవారు, ఆ పులుపే కాపాడేది. పిల్లలకి ఎండుమిరపకాయలు ఏరేసి, పల్లీలు, శనగపప్పు ఎక్కువ వేస్తాను.

నేను: పెరుగన్నం?

వదిన: పెరుగుతో కలిపితే మధ్యాహ్నానికి పుల్లగా అయిపోతుంది. అన్నం మెత్తగా మెదిపి, కాచి గోరువెచ్చగా చేసిన పాలు పోసి, ఒక చెంచా పెరుగు తోడు వేస్తాను. పన్నెండింటికి అది కమ్మగా తోడుకుని ఉంటుంది. పైన దానిమ్మ గింజలు. చిన్నది ఆ డబ్బా ఒక్క మెతుకు మిగల్చదు. కొబ్బరి చట్నీ మాత్రం మానేశాను, దాని బదులు కంది పొడి, నువ్వుల పొడి. చిన్న ఇడ్లీలు నెయ్యిలో దొర్లించి, కంది పొడి చల్లితే చేతికి అంటుకోవు, నాలుగు నిమిషాల్లో అయిపోతాయి. అట్టే కావాలంటే దాని బదులు పెసరట్టు, కొంచెం మందంగా వేసి, చల్లారాక చుట్టి ముక్కలు కొయ్యి.

నేను: ఇప్పుడు బలం సంగతి. ఎంత పెట్టాలో నాకు అంతు పట్టదు. ఎక్కువ పెట్టేస్తున్నానేమో అని కూడా అనుమానం.

వదిన: నాకు ఒక కొలత దొరికింది. ప్రభుత్వ బడుల్లో మధ్యాహ్న భోజనం ఉంది కదా, మన రాష్ట్రంలో 2024 నుంచి డొక్కా సీతమ్మ గారి పేరు మీద నడుస్తున్నది. దానికి కేంద్రం పెట్టిన లెక్క, ఒకటి నుంచి ఐదో తరగతి దాకా 450 కేలరీలు, 12 గ్రాముల ప్రొటీన్. ఆరు నుంచి ఎనిమిది దాకా 700 కేలరీలు, 20 గ్రాములు. మన డబ్బాల్లో అన్నం లెక్క ఎప్పుడూ దాటిపోతుంది, ప్రొటీన్ లెక్కే అందదు. ఒక గుడ్డులో 6 గ్రాములు, ఒక గుప్పెడు పుట్నాల పప్పులో ఇంకో 6. చిన్నదానికి ఆ రెండూ పడితే చాలు. నువ్వు నిన్న పెట్టిన దాంట్లో ఏముంది చెప్పు?

నేను: అట్టులో మినప్పప్పు ఉంది... కొంచెం.

వదిన: ఉంది, అట్టు మంచిదే. పక్కన ఒక గుడ్డు పడితే ఇంకా మంచిది.

నేను: గుడ్డు పెడితే పక్క పిల్లలు ముక్కు మూసుకుంటున్నారట.

వదిన: ఆ మాట మాట్లాడాలి మనం. చిన్నది యూకేజీలో ఉన్నప్పుడు ఒకరోజు కానాగంతల వేపుడు పెట్టాను, వానాకాలం, హార్బర్‌లో తాజాగా దొరికాయి, దానికి ఎంత ఇష్టమో. సాయంత్రం వచ్చి, అమ్మా చేపలు వద్దు, అందరూ జరిగి కూర్చున్నారు అంది. ఏ బడో నేను చెప్పను. సముద్రం ఒడ్డున పుట్టిన పిల్ల చేప తిన్నందుకు సిగ్గుపడాల్సి రావడం నాకు చాలా బాధేసింది, ఇప్పటికీ బాధే. టీచర్‌తో మాట్లాడాను, ఆవిడ మంచిగానే విన్నది, క్లాసులో పిల్లలకి చెప్పింది కూడా. కానీ ఆ వయసులో పిల్లకి న్యాయం కంటే పక్కన కూర్చునే స్నేహితురాలే ముఖ్యం. దాని మాట విన్నాను. చేపలు ఇప్పుడు రాత్రి భోజనంలోకి, ఆదివారంలోకి మార్చాను, తినడం మాత్రం మాన్పించలేదు. గుడ్డు అయితే ఉడకబెట్టింది కాకుండా, ఉల్లిపాయ లేకుండా పల్చటి ఆమ్లెట్ వేసి, ఆరబెట్టి, చపాతీలో చుట్టి పెట్టు. వాసన రాదు. కొన్ని బడుల్లో గుడ్డు కూడా తేనివ్వరు, అలాంటి చోట వేయించిన శనగలు, పెసరపప్పు పొడికూర, పన్నీరు.

నేను: చోళ్ళు? ఈమధ్య అందరూ రాగులు రాగులు అంటున్నారు.

వదిన: మా అమ్మమ్మ వాళ్ళింట్లో చోడి అంబలి లేని పొద్దు లేదు. 100 గ్రాముల చోళ్ళలో 300 మిల్లీగ్రాములకి పైనే కాల్షియం, అదే 100 మిల్లీలీటర్ల ఆవుపాలలో 120 దగ్గర. రైతుబజారులో పాడేరు వైపు నుంచి వచ్చిన చోళ్ళు దొరికితే తెచ్చి మర పట్టిస్తాను. కానీ ఒక్కసారిగా నల్లటి ఇడ్లీ పెట్టకు. నాలుగో వంతుతో మొదలుపెట్టి నెలలో మూడో వంతుకి వెళ్ళు. ఆ మొదటిసారి డబ్బాలో కాదు, ఇంట్లో, రాత్రి. కొత్త రుచి పిల్లలకి అలవాటు కావాలంటే పది పదిహేను సార్లు నోటికి తగలాలి. ఆకలితో, హడావిడిగా, నలుగురి మధ్య ఆ ప్రయోగం పెట్టకూడదు. డబ్బాలోకి వెళ్ళేది వాడు ముందే తిని ఒప్పుకున్నదే అయ్యుండాలి.

నేను: ఇది నేను పూర్తిగా తిరగేసి చేస్తున్నాను. ఇంట్లో వద్దన్నవే డబ్బాలో పెడుతున్నాను, అక్కడైతే తింటాడులే అని.

వదిన: అందరం చేశాం. ఇంకోటి, ఆదివారం రైతుబజారుకి వాడిని వెంట తీసుకెళ్ళు. చిన్నది జామకాయ తనే ఏరుతుంది, తను ఏరినదైతే తింటుంది. సీజన్లో సింహాచలం అనాస దొరికితే ముక్కలు కోసి వేరే చిన్న డబ్బాలో పెట్టు, రసం అన్నంలోకి కారితే రెండూ పాడవుతాయి. యాపిల్ ముక్కలు చిటికెడు ఉప్పు కలిపిన నీళ్ళలో ఒక్కసారి ముంచి తీస్తే అంత తొందరగా రంగు మారవు. చిన్నపిల్లలకి ద్రాక్ష గుండ్రంగా పెట్టకు, నిలువుగా నాలుగు ముక్కలు చెయ్యి, గొంతుకి అడ్డం పడుతుంది. ఐదేళ్ళ లోపు వాళ్ళకి పల్లీలు గింజలుగా ఇవ్వకు, పొడి చేసి ఉండలు కట్టు.

నేను: చిప్స్, క్రీమ్ బిస్కెట్లు... పక్కవాళ్ళు తెస్తున్నారు, మావాడు అడుగుతున్నాడు.

వదిన: ఉప్పు, పంచదార, కొవ్వు ఎక్కువున్నవి బడి క్యాంటీన్‌లో గానీ, గేటు నుంచి 50 మీటర్ల లోపు గానీ అమ్మకూడదని ఆహార భద్రతా సంస్థ 2020లోనే నిబంధన పెట్టింది. అమ్మడం మాట అది. ఇంటి నుంచి వచ్చేవి ఎవరూ ఆపలేరు. నేను శుక్రవారం ఒక్కరోజు వాళ్ళ ఇష్టం అన్నాను. ఆ రోజు ఏం కావాలో వాళ్ళే చెబుతారు. మిగతా నాలుగు రోజులు అడగడం తగ్గింది.

నేను: ఇప్పుడు మిగిల్చి తెచ్చినప్పుడు ఏమనాలి? అది చెప్పు, రోజూ అక్కడే నేను ఓడిపోతున్నాను.

వదిన: ఏమీ అనకు. తిడితే రేపటి నుంచి డబ్బా ఖాళీగానే వస్తుంది, చెత్తబుట్టలోకి వెళ్ళి వస్తుంది. నీకు ఏమీ తెలియకుండా పోతుంది. మిగిలినది తెస్తున్నాడంటే నిన్ను నమ్ముతున్నాడు. ముందు కాళ్ళు చేతులు కడిగి ఏదైనా తినిపించు, అప్పుడు ఇవాళ పక్కన ఎవరు కూర్చున్నారు, వాళ్ళేం తెచ్చారు అని అడుగు. అసలు కారణం ఆ కబుర్లలోనే వస్తుంది. పెద్దవాడు రెండు నెలలు తినకపోవడానికి కారణం నీకు తెలుసా? లంచ్ అయ్యాక ఆటకి ముందు వెళ్ళినవాళ్ళకే బ్యాటు దొరికేది. తొందరగా తినేవి పెట్టాను, సమస్య పోయింది.

నేను: రేపు నేనేం పెట్టను?

వదిన: చిన్న ఇడ్లీలు ఎనిమిది, కంది పొడి, నెయ్యి. చిన్న డబ్బాలో పుట్నాలు, జామకాయ ముక్కలు. అదే ఇంకో డబ్బాలో నీకూ కట్టుకో, ఆఫీసుకి తీసుకెళ్ళు. పన్నెండున్నరకి తెరిచి, తిన్నాక నాకు ఫోన్ చెయ్యి.

నేను: ఫ్రిజ్‌లో పెట్టకూడదు, అంతేనా?

వదిన: పెట్టకూడదు. బ్యాగులోనే ఉంచు.