తలుపు తెరవకముందు

హోస్ట్: నమస్కారం. ఈసారి భయం గురించి మాట్లాడుకుందాం, కథల్లో భయం. చాలా ఏళ్ళుగా సస్పెన్స్ కథలు రాస్తున్న అక్క మనతో ఉన్నారు. అక్కా, నేరుగా అడిగేస్తాను. ఇంట్లో లైట్లన్నీ వేసుకుని చదువుతున్నా కొన్ని కథలకు వెన్నులో చలి పుడుతుంది. ఎలా?

అక్క: చీకటిని వర్ణిస్తే మాత్రం పుట్టదు. మొదట్లో నేను అదే చేసేదాన్ని. అమావాస్య, నక్కల ఊళలు, కిర్రుమనే తలుపు, అన్నీ ఒకే పేరాలో. చదివేవాళ్ళకి "ఓహో, ఇక్కడ భయపడాలన్నమాట" అని ముందే తెలిసిపోతుంది. తెలిశాక ఇంకేం భయం? నా కళ్ళు తెరిపించింది ఒక ఇంగ్లిష్ కథ. డబ్ల్యూ. డబ్ల్యూ. జేకబ్స్ రాసిన 'ది మంకీస్ పా', 1902 నాటిది.

హోస్ట్: కోతి పంజా. మూడు కోరికలు తీరుస్తుంది.

అక్క: అదే. చదవనివాళ్ళు ఇక్కడ ఆపేసి, చదివి రండి. నేను చివరిదాకా చెప్పేస్తాను. జేకబ్స్ పుట్టింది లండన్ రేవు పక్కన, వాపింగ్‌లో. నావికుల మీద నవ్వించే కథలు రాసి పేరు తెచ్చుకున్నాడు. నవ్వించేవాడికి ఎక్కడ ఆగాలో తెలుస్తుంది. భయపెట్టడానికి కూడా కావలసింది అదే.

కథ మొదలు చూడు. బయట చలి, వాన. దానికి ఒక్క వాక్యం చాలనుకున్నాడు. వెంటనే లోపలికి తీసుకెళ్తాడు. చలిమంట ముందు తండ్రీ కొడుకూ చదరంగం ఆడుతుంటారు, తల్లి ఊలు అల్లుతుంటుంది. ఆట చెయ్యిజారిన ఉక్రోషంతో తండ్రి ఇల్లున్న చోటు మీద విరుచుకుపడతాడు. దారంతా బురద, రోడ్డంతా వరద, ఈ వీధిలో అద్దెకు పోయినవి రెండే ఇళ్ళు అని.

హోస్ట్: అది చదివినప్పుడు ముసలాయన సణుగుడు అనుకుని దాటేశాను.

అక్క: అందరం దాటేస్తాం. కానీ చుట్టుపక్కల మనుషులు లేరన్న సంగతి అప్పుడే మనసులో పడిపోయింది. "ఆ ఇల్లు ఏకాంతంగా, భయంకరంగా ఉంది" అని ఆయన రాసి ఉంటే పడేది కాదు.

ఇంకోటి చూడు. ఆ ఇంటికి ముగ్గురు వస్తారు. మొదటివాడు సైనికుడు. గేటు ధడాలున పడుతుంది, బరువైన అడుగులు వినిపిస్తాయి. పంజా తెచ్చేది అతనే. వాళ్ళు 200 పౌండ్లు కోరుకుంటారు. రెండోవాడు, కొడుకు పనిచేసే కంపెనీ మనిషి. గేటు దగ్గర మూడుసార్లు ఆగి, మూడుసార్లూ ముందుకెళ్ళిపోతాడు. నాలుగోసారి గేటు మీద చెయ్యి వేసి నిలబడి, అప్పుడు తోస్తాడు. తల్లి కిటికీలోంచి చూస్తోంది. ఖరీదైన బట్టలు, సిల్కు టోపీ. డబ్బు వచ్చిందనుకుంటుంది.

హోస్ట్: వచ్చిందే.

అక్క: వచ్చింది. కొడుకు మెషీన్‌లో చిక్కుకుని చనిపోయాడని, పరిహారంగా 200 పౌండ్లని. గేటు దగ్గర అతను తటపటాయించిన ఆ క్షణాలున్నాయే, వాటిని నేను ఎన్నిసార్లు చదివానో. అక్కడ దెయ్యం లేదు, రాత్రి కూడా కాదు. చెడు కబురు చెప్పడానికి కాళ్ళు రాని మనిషి ఉన్నాడు, అంతే. ఆ తర్వాత ఆ ఇంటికి ఎవరొచ్చినా మనకి గుండె దడే.

హోస్ట్: మూడోసారి తలుపు చప్పుడు.

అక్క: అది కూడా సరిగ్గా వినిపించదు. తల్లి పట్టుబట్టి కొడుకు బతికి రావాలని కోరిస్తుంది. ఏమీ జరగదు. కొవ్వొత్తి ఆరిపోతుంది. గడియారం టిక్ టిక్, మెట్టు కిర్రు, గోడలో ఎలుక. తండ్రి అగ్గిపుల్ల వెలిగించుకుని కిందికి దిగుతాడు. మెట్ల చివర అది ఆరిపోతుంది. ఇంకోటి గీయబోతుండగా, వినీ వినబడనట్టు తలుపు మీద చిన్న చప్పుడు.

అప్పుడు తల్లి అనే మాట నాకు నిద్ర లేకుండా చేసింది. స్మశానం రెండు మైళ్ళ దూరమన్న సంగతి మర్చిపోయానంటుంది. అంటే, బిడ్డ నడిచి వచ్చాడు, అందుకే ఆలస్యమైంది అని. ఆమె కొడుకు కోసం తలుపు తీయాలని పరుగెత్తుతోంది. తండ్రి ఆ శవాన్ని చూసినవాడు, తీయనివ్వడు. భయం మొత్తం ఆ ఇద్దరి మధ్య ఉంది. ఆమె ప్రేమ అంత నిజం కాకపోతే మనకి అంత భయం వేయదు.

హోస్ట్: మా ఊళ్ళో తలుపుల మీద 'ఓ స్త్రీ రేపు రా' అని రాసేవాళ్ళు. మనవాళ్ళ గొంతుతోనే పిలుస్తుంది, పలకొద్దు అని నానమ్మ చెప్పేది. నాకు దెయ్యం కంటే ఆ "మనవాళ్ళ గొంతు" అన్న మాటకే భయమేసేది.

అక్క: చూశావా, అదే ఇది. జేకబ్స్ ఆ తలుపు వెనక ఏముందో చూపించడు. పై గడియ అందక ఆమె కుర్చీ లాక్కుంటుంది. పైన గదిలో తండ్రి నేల మీద పాకుతూ పంజా కోసం తడుముతుంటాడు. మనకి రెండు చప్పుళ్ళూ వినిపిస్తుంటాయి. పంజా దొరికి ఆయన మూడో కోరిక కోరుకుంటాడు. ఆమె తలుపు తీసేసరికి ఖాళీ రోడ్డు, ఎదురుగా మిణుకుమనే వీధి దీపం.

హోస్ట్: మీ కథల్లో ఇది ఎలా వాడారు?

అక్క: ఈ మధ్య రాసినదాంట్లో తండ్రీ కూతురూ ఇద్దరే ఉంటారు. అర్ధరాత్రి వంటింట్లో నీడ కదిలినట్టు రెండు పేజీలు రాశాను, మొత్తం కొట్టేశాను. చివరికి ఒక్క వాక్యమే మిగిల్చాను. "పొద్దున్నే చూస్తే, గట్టు మీద కడిగి బోర్లించిన గ్లాసులు మూడు."

హోస్ట్: అమ్మో. మూడోది ఎవరిదో చెప్పారా?

అక్క: లేదు. నువ్వేమనుకున్నావు?

హోస్ట్: వాళ్ళమ్మ.

అక్క: ఆమె గురించి కథలో ఒక్క మాట కూడా లేదు. ఎందుకనిపించింది?

హోస్ట్: కడిగి బోర్లించింది కదక్కా.